తవుడికి పొడిస్తే నాకు తగ్గాలట

నేనూ గేదెల తవుడూ ఒకటేనని మా ఏరియా ఆసుపత్రి పోయిన ఏడు తీర్మానం చేసింది. తీర్మానం మీద గుండ్రటి ముద్ర ఉంది. ముద్ర పడ్డాక కాదనడానికి మనమెవరం.

తవుడు మా పక్క ఊరి రైతు. వాడికీ నాకూ అప్పటికి పదకొండేళ్లుగా మాటల్లేవు. నేను కాలవ మీద లస్కరుగా పనిచేశాను. వంతు ప్రకారం తూము తెరవడం, మూయడం నా పని. ఒక కరువు ఏడు వాడు వంతు రాకుండా నీళ్లడిగాడు. ఇవ్వలేదు. నేను లంచం అడిగానని పైకి అర్జీ పెట్టాడు. మూడు నెలలు సస్పెండు చేశారు. ఆ మూడు నెలల్లోనే నా భార్య మంచాన పడింది. నా తప్పేమీ లేదని విచారణలో తేలింది. తేలేసరికి ఆవిడ లేదు. ఆ సంగతి ఇక్కడితో ఆపుతాను. ఇది ఆసుపత్రి కథ.

ఉద్యోగం దిగిన రెండేళ్లకి నాకు కీళ్లవాతం పట్టుకుంది. తెల్లారి లేచేసరికి వేళ్లు పిడికిలిలా బిగుసుకుపోయేవి. రెండు గంటలు వేడినీళ్లలో పెడితేగాని తెరుచుకునేవి కావు. ఒంటరి మనిషికి వేళ్లు పనిచేయకపోతే ఏమవుతుందో చెప్తాను. అన్నం చెంచాతో తినొచ్చు. అగ్గిపుల్ల పళ్లతో పట్టుకుని గీయొచ్చు. పంచె మాత్రం కట్టుకోలేం. పంచె కట్టుకోలేనివాడు గడప దాటలేడు. పంచె మీద బెల్టు పెట్టి చూశాను. బెల్టు పెట్టుకోవడానికీ వేళ్లే కావాలి.

మా ఆసుపత్రికి వారానికి రెండు రోజులు డాక్టర్ నీలవేణి అని కీళ్ల డాక్టరమ్మ వస్తుంది. ఆవిడ ముందు మాత్రలు ఇచ్చింది. చాల్లేదు. రక్తం తీసింది, క్షయ ఉందేమో చూసింది, అప్పుడు ఇంజెక్షను రాసింది. పదిహేను రోజులకొకటి, పొట్ట మీద.

"గవరయ్యగారూ, ఇది బయోసిమిలర్ మందు" అంది.

"అంటే ఏటమ్మా? నకిలీదా?"

"నకిలీ కాదు. అసలు మందుని ఒక కంపెనీ జీవకణాల్లో పెంచి తీసింది. వాళ్ల హక్కు గడువు తీరాక ఇంకొకరు అలాంటిదే తీశారు. అచ్చం అదే కాదు, కానీ పనిలో తేడా లేదని ఏళ్ల తరబడి పరీక్షలు చేసి తేల్చాకే అమ్మనిచ్చారు. ధర తక్కువ కాబట్టి మీ దాకా వచ్చింది."

"పని సేస్తాదా?"

"చేస్తుంది."

చేసింది. మూడు నెలలు తిరిగేసరికి నా పంచె నేనే కట్టుకున్నాను. ఆ ఆసుపత్రిలో చెప్పినట్టు పనిచేసిన వస్తువు ఆ మందు ఒక్కటే. మిగతా కథలో దాన్ని ఎవరూ నిందించకండి.

ఆ రోజుల్లోనే మా సూపరింటెండెంటు భుజంగరావుగారిని విశాఖలో రెండు రోజుల శిక్షణకి పంపారు. ఈ కొత్తరకం మందుల మీదే. మొదటి రోజు ఈ మందులు ఏమిటి, ఎందుకు వాడాలి అన్నది చెప్పారట. రెండో రోజు, ఒకటి మరొకదానిలాంటిదే అనాలంటే ముందు ఏయే పరీక్షలు చేయాలన్నది చెప్పారట. రెండో రోజు ఆయన సింహాచలం దర్శనానికి వెళ్లాడు. మొదటి రోజుదే పూర్తిగా అర్థమైపోయింది గనక రెండో రోజు అక్కర్లేదనుకున్నాడు.

వచ్చిన మర్నాడు సర్క్యులర్ దిగింది. ఓపీ చీటీల కిటికీ పక్కన అంటించారు.

"ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా, ఒక మందుకు బదులు దానిని పోలిన మందు వాడుట శాస్త్రసమ్మతమని తేలినందున, ఇకపై ఈ ఆసుపత్రి సమస్త విభాగములందు పోలికయే ప్రమాణముగా స్వీకరించవలెను. ఇందు పర్యవేక్షణకు సమరూపతా సాధికార సంఘము ఏర్పరచడమైనది."

మొదట ఎక్స్‌రే గది మారింది. మంచి కుడిచెయ్యి ఫిల్ము ఒకటి, మంచి ఎడమకాలు ఫిల్ము ఒకటి గోడకి అంటించారు. ఎవరొచ్చినా వాటిని చూసే చెప్పేవారు. సైకిలు మీంచి పడి మోచెయ్యి వేలాడుతున్న మనిషికి "నీది బ్రహ్మాండంగా ఉంది, ఎక్కడా గీత లేదు" అని చెప్పి పంపేశారు. అతనూ సంతోషించాడు. పాపం చప్పట్లు కొట్టబోయి అరిచాడు.

తర్వాత వంట. వార్డుల్లో పొద్దున్న ఇచ్చే ఉడికిన గుడ్డుకి బదులు ఉడికిన బంగాళాదుంప వచ్చింది. తొక్క తీస్తే అదీ గుండ్రమే, మెత్తనే. "ఇందులో పచ్చసొన ఏదమ్మా?" అని ఒకాయన అడిగాడు. "కడుపులోకెల్లినాక అవుద్దిలే, తినీ" అంది ఆయా.

అంబులెన్సు చెడిపోతే శవాల బండిని తిప్పారు. అదీ తెలుపే, దానికీ నాలుగు చక్రాలే, అందులోనూ మనిషి పడుకునే వెళ్తాడు. ఈ ఏర్పాటు వల్ల రోగుల సంఖ్య తగ్గింది. గుమ్మంలోకి ఆ బండి వచ్చేసరికి గుండెనొప్పి మనిషి కూడా లేచి పొలం గట్టునపడి పరిగెత్తేవాడు. వీటన్నిటినీ "స్థలములోనే స్వస్థత పొందినవారు" అన్న పద్దు కింద రాశారు.

నీలవేణమ్మ వారం సెలవు పెడితే ఆవిడ కుర్చీలో జనన ధ్రువపత్రాల కిటికీ ఉద్యోగినిని కూర్చోబెట్టారు. ఆవిడకీ కళ్లజోడు ఉంది. ఎత్తు కూడా దగ్గర దగ్గర సరిపోయింది. ఆవిడ వచ్చినవాళ్లందరినీ తండ్రి పేరు అడిగి, పుట్టిన వేళ రాసి, మూడు కాపీలు ఇచ్చి పంపింది. కీళ్లనొప్పులతో వెళ్లిన ముసలివాళ్లం పదిహేడు మందిమి ఆ వారం కొత్తగా పుట్టాం.

ఇంతవరకూ నాకు నవ్వే వచ్చింది. పదిహేనో రోజున ఇంజెక్షను కోసం వెళ్లాను. మందుల గుమాస్తా త్రినాథ్ రిజిస్టరు తిప్పి చూశాడు.

"నీది అయిపోనాది గదా తాతా."

"ఏటి అయిపోనాది?"

"ఇంజీషను. పొద్దున్నే ఏసీసినారు."

"నాను ఇప్పుడే వచ్చినాను. ఎవులికి ఏసినారు?"

"గేదెల తవుడుగారికి. ఇదిగో, సమరూపుల జాబితా. ఇద్దరూ మగ, ఇద్దరికీ అరవై ఎనిమిది, ఇద్దరూ యాభై రెండు కిలోలు, ఇద్దరిదీ ఓ పాజిటివు, ఇద్దరికీ రెండు సేతులకీ వాతం. సమరూపుల్లో ఒకలికి సేసిన వైద్యం ఇద్దరికీ సేసినట్టే లెక్క. నీ పేరు ఎదర కూడా టిక్కు పెట్టీసినాను, సూడు."

చూశాను. టిక్కు బాగానే ఉంది.

"వాడికే ఎందుకెయ్యాల? నాకెందుకెయ్యకూడదు?"

"ఇంటిపేరు అచ్చరాల వరస. గేదెల ముందు, మీ పొట్నూరు ఎనక. కోపమెందుకు తాతా, ఇంటికెల్లి పడుకో. రెండ్రోజుల్లో నీకూ పట్టు ఇడుస్తాది."

పట్టు విడవలేదు. రెండు నెలలు, నాలుగు ఇంజెక్షన్లు తవుడి పొట్టలోకి వెళ్లాయి, నాలుగు టిక్కులు నా పేరు ఎదుట పడ్డాయి. నా వేళ్లు మళ్లీ బిగిశాయి. ఒకరోజు బజారు మధ్యలో తవుడు ఎదురయ్యాడు. కొత్త పంచె కట్టుకుని, వేళ్లతో బెల్లం ముక్క విరుచుకుని తింటున్నాడు. నేను నా పంచెని మోచేతులతో అదిమి పట్టుకుని నడుస్తున్నాను. వాడు నా పంచె వైపు చూశాడు. బెల్లం ముక్క ఇంకొకటి విరిచాడు.

ఆ సాయంత్రమే సూపరింటెండెంటు గదికి వెళ్లాను. నీలవేణమ్మ అక్కడే ఉంది. అప్పటికే ఆవిడకీ ఆయనకీ వాదన నడుస్తోంది.

"సార్, ఆ మందుని పరీక్షించాకే అలాంటిదని ఒప్పుకున్నారు. వీళ్లిద్దరినీ మనం ఏం పరీక్షించాం?"

"పరీక్షలకి కాలయాపన అవుతుంది డాక్టర్. తీర్మానానికి అవదు" అన్నాడు భుజంగరావు. నా వైపు తిరిగాడు. "ఏమయ్యా గవరయ్యా, నీ బాధ ఏమిటి?"

"నాకు మందు పడ్నేదు బావూ."

"పడింది. రికార్డులో ఉంది. నీవు గ్రహించడంలో జాప్యం జరుగుతోంది. అది నీ వైపు లోపం."

"నా సేతులు సూడండి."

చూడలేదు. ఫైలు చూశాడు. "నీకు అభ్యంతరం ఉంటే భేద నిరూపణకు దరఖాస్తు పెట్టుకో. నీవు తవుడివి కావని సంఘం ముందు రుజువు చేయాలి. భారం నీదే."

అరవై ఎనిమిదేళ్లు బతికాక, నేను తవుడిని కానని దరఖాస్తు రాసి ఇచ్చాను. వేళ్లు కదలవు గనక త్రినాథ్ చేత రాయించాను. వేలిముద్ర కూడా సరిగా పడలేదు. "పరవానేదు" అని త్రినాథ్ తన వేలే వేసేశాడు. వేలూ వేలూ ఒకలాగే ఉంటాయట.

విచారణ రోజు సంఘం కొలువు తీరింది. మధ్యలో భుజంగరావు. కుడి పక్క త్రినాథ్. ఎడమ పక్క ఉండవలసిన పళ్ల డాక్టరు రాలేదు గనక గేటు వాచ్‌మన్‌ని కూర్చోబెట్టారు. అతనూ తెల్లచొక్కా వేసుకున్నాడు. నీలవేణమ్మని ఒక మూల బల్ల మీద కూర్చోబెట్టారు, నిపుణురాలిగా. నిపుణులకి ఓటు లేదు.

"గేదెల తవుడు. నీవు ఈ గవరయ్యకి సమరూపుడివేనా?" అన్నాడు భుజంగరావు.

తవుడు చేతులు జోడించాడు. చక్కగా జోడించాడు, అన్ని వేళ్లూ ఆనాయి. "మా ఇద్దరిదీ ఒక్కటే పేనం బావూ. ఆడు తింటే నా కడుపు నిండిపోద్ది."

"అబద్దం. ఈడికీ నాకూ పదకొండేళ్లుగా మాటల్లేవు" అన్నాను.

"రాసుకో త్రినాథ్. మాటలు లేకపోవుట ఇరువురికీ సమానము" అన్నాడు భుజంగరావు.

"ఈడు నా మీద దొంగ అర్జీ పెట్టినాడు."

"నీవిప్పుడు అర్జీ పెట్టావు. ఇరువురూ అర్జీదారులే. ఇంకా?"

"ఈడికి పెళ్లాం ఉంది. నాకు నేదు."

తవుడు కిటికీ వైపు చూశాడు.

"భార్య రోగలక్షణము కాదు. పరిగణించబడదు" అన్నాడు భుజంగరావు.

మనిషినీ మనిషినీ వేరుచేసేవి చాలా ఉంటాయనుకుంటాం. ఫైలు ముందు నిలబడితే ఒక్కటీ గుర్తురాదు. నేను లేచాను. లేచేసరికి మోచేతుల పట్టు వదిలి పంచె జారింది. కింద నిక్కరు ఉంది, అదొక అదృష్టం. వంగాను. వేళ్లకి పంచె అందలేదు. అందినా పట్టుకోలేదు. మూడుసార్లు వంగాను. వాచ్‌మన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నీలవేణమ్మ లేచింది. "సార్, ఇదే తేడా. తవుడుగారూ, మీ పంచె విప్పి కట్టండి."

"ఇంతమందిలోనా అమ్మా?"

"కట్టండి."

కట్టాడు. రెప్పపాటులో కట్టాడు.

"ఒకరు కట్టగలిగారు. ఒకరు కట్టలేకపోయారు. మందు ఎవరికి పడిందో ఇంతకంటే ఏం చూపించను?"

భుజంగరావు త్రినాథ్‌తో గుసగుసలాడాడు. తర్వాత చదివాడు. "పంచె విషయమున ఇరువురికీ భేదము గలదని సంఘము నిర్ధారించడమైనది. భేదము కొనసాగినంత కాలము ఎవరి ఇంజెక్షను వారికి ఇవ్వవచ్చును. ప్రతి నెలా పునఃపరిశీలన చేయవలెను."

నీలవేణమ్మ ఒక్కతే ఆ ఆఖరి మాట విని తల పట్టుకుంది. నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను పంచె చుట్టుకునే పనిలో ఉన్నాను.

నా ఇంజెక్షను నాకు పడింది. మొదటి నెల పరిశీలనకి నా వేళ్లు ఇంకా సగమే తెరుచుకున్నాయి, గండం గడిచింది. రెండో నెలకి పూర్తిగా తెరుచుకున్నాయి. ఎవరి సాయం లేకుండా పంచె కట్టుకుని, పైన తువ్వాలు కూడా వేసుకుని, సంఘం ముందుకి పెళ్లికొడుకులా వెళ్లాను. కట్టి చూపించమన్నారు. కట్టాను. తవుడూ కట్టాడు.

"భేదము అంతరించినది. ఇరువురూ తిరిగి సమరూపులైనారు. ఇకపై ఒకరికే ఇంజెక్షను. ఈసారి గవరయ్యకి వేసి తవుడికి టిక్కు పెట్టండి" అన్నాడు భుజంగరావు.

నీలవేణమ్మ లేచి నిలబడింది. "సార్, మందు పడితే ఒకలా అవుతారు. ఒకలా అయితే మందు ఆపేస్తారు. ఆపేస్తే మళ్లీ ముడుచుకుంటాయి."

"ముడుచుకున్నప్పుడు దరఖాస్తు పెట్టుకుంటారు. మార్గం మూసివేయలేదు కదా డాక్టర్."

ఆ రోజు నాకు ఇంజెక్షను వేశారు. నా పొట్టలో సూది దిగుతుంటే తవుడు గుమ్మంలో నిలబడి, తన పేరు ఎదుట టిక్కు పడటం చూశాడు. నాకు బావుంది. దాచను. వాడి వేళ్లు ఎన్నాళ్లలో బిగుసుకుంటాయో లెక్కేసుకుంటూ ఇంటికి వెళ్లాను.

వారం తర్వాత ఆసుపత్రి ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చుంటే తవుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. పదకొండేళ్ల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట ఇది.

"ఒరే లస్కరూ, టీలో పంచదార ఎక్కువేసినాడు ఈడు."

నేను నా గ్లాసు ఊదుకున్నాను.

"రేపో మాపో నా సేతి యేళ్లు పోతాయి. అప్పుడు నాను దరకాస్తు పెడతాను. మల్లీ నాకు పడతాది, తెరుసుకుంటాయి, అప్పుడు ఒకలికి ఆపుతారు. ఆపినప్పుడల్లా నాకే ఆపుతారని రాసుందా? వరసలో గేదెల ముందు."

అది నిజం. నేను గ్లాసు కింద పెట్టాను.

"ఏటంటావు?"

"యేళ్లు నిజింగా ముడుసుకోవాలని ఏ కాయితంలో ఉంది? మందుకి బదులు మందులాటిది సాలుతాది. డాక్టరుకి బదులు డాక్టరులాటిది సాలుతాది. మరి ముడుసుకున్న సెయ్యికి బదులు ముడుసుకున్నలాటి సెయ్యి సాలదా? ఒక నెల నువ్వు ముడుసు, ఒక నెల నాను ముడుస్తాను. ఇద్దరికీ పడతాది."

నేను వాడి వైపు చూశాను. ఆ ఆసుపత్రి విధానం పూర్తిగా అర్థం చేసుకున్నవాడు ఆ జిల్లా మొత్తానికి వీడొక్కడే. నాకు వాడి మీద జాలి కలగలేదు. నా వేళ్ల మీద కలిగింది.

"అచ్చరాల వరసలో నువ్వే ముందు" అన్నాను.

మొదటి నెల తవుడు ముడిచాడు. అతి చేశాడు. కుంటుతూ వచ్చాడు, మూతి ఓ పక్కకి పెట్టాడు, ఒక కన్ను మూశాడు. "నీ రోగం చేతుల్లో కదయ్యా" అని భుజంగరావు గుర్తుచేయాల్సి వచ్చింది. అప్పుడు మూతి సరిచేసుకుని వేళ్లు ముడిచాడు. నేను కట్టాను, వాడు కట్టలేదు. భేదం రాశారు. ఇద్దరికీ ఇంజెక్షన్లు పడ్డాయి.

రెండో నెల నా వంతు. నేను పంచె జారవిడిచి, నిక్కరుతో పిడికిళ్లు బిగించి నిలబడ్డాను. నీలవేణమ్మ దగ్గరికి వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. వాపు లేదు, వేడి లేదు. నా మొహంలోకి చూసింది. నేను గోడ వైపు చూశాను.

"ఎలా ఉంది డాక్టర్?" అన్నాడు భుజంగరావు.

"ఫైల్లో ఎలా ఉందో అలాగే ఉంది సార్" అంది ఆవిడ.

భుజంగరావుకి ఆ జవాబు ఎంతో నచ్చింది. రాసుకోమన్నాడు. ఇంతలో ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. "ఈ ఇద్దరిలో ఎప్పుడూ ఒకరి చేతులు ముడుచుకునే ఉంటున్నాయి. కాబట్టి ఈ మందు యాభై శాతం పనిచేస్తోందని పైకి నివేదిక పంపుదాం. త్రినాథ్, గ్రాఫు వేయించు." తర్వాత నా వైపు చూశాడు. "అతన్నలా ఎంతసేపు నిలబెడతారు? తవుడూ, ఆ పంచె నువ్వు కట్టిపెట్టు."

ఇది ఒప్పందంలో లేదు.

తవుడు నా ముందు వంగాడు. పంచె తీసి నా నడుం చుట్టూ తిప్పాడు. వాడి తల నా చేతికింద ఉంది. పిడికిలి నాకు సిద్ధంగానే ఉంది. తెరిస్తే ఇంజెక్షను పోతుంది, దించితే కేసవుతుంది.

"మీ ఆడమనిషి పోయినప్పుడు రావాలనుకున్నాను. రానేదు" అన్నాడు, నాకు మాత్రమే వినపడేటట్టు.

"మంచి పని సేసినావు. వస్తే గడప దాటనిచ్చీవోడ్ని కాదు."

"తెలుసు" అని ముడి లాగాడు. ఊపిరి ఆడకుండా లాగాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. భేదం స్పష్టంగా ఉందని సంఘం ముగ్గురూ ఏకగ్రీవంగా రాశారు. వాచ్‌మన్ కూడా సంతకం పెట్టాడు.

వచ్చే నెల వాడి వంతు. వాడి పంచె నేను కడతాను.

ఈ రెండు చేతులతో కడతాను. వేళ్లు ఇప్పుడు బాగా పనిచేస్తున్నాయి.